హయత్‌నగర్ మజిలీ

హయత్‌నగర్ పేరును మనలో చాలామంది మొదటిసారి కండక్టరు నోట విని ఉంటారు. విజయవాడ నుంచో, సూర్యాపేట నుంచో వచ్చే బస్సు పెద్ద అంబర్‌పేట దాటగానే కునుకు తీస్తున్నవారు కళ్ళు నులుముకొని లేస్తారు, పైనున్న సంచులు కిందికి దిగుతాయి, చంటిపిల్లల తల్లులు చెప్పులు వెతుక్కుంటారు. నగరం నుంచి బయలుదేరేవారికి ఇదే పేరు తిరగబడి వినిపిస్తుంది. ఇక్కడ ఎక్కవలసినవారు ఎక్కేశారంటే కిటికీ పక్క సీటు మీద ఆశ వదులుకోవలసిందే. రెండు ఆర్టీసీ డిపోలు, జాతీయ రహదారి, దాని కిరువైపులా దుకాణాలు, హారన్ల మోత. ఈ సందడిలో ‘హయత్’ అంటే జీవితమని, అది ఒక స్త్రీ పేరులోని సగభాగమని తలచుకొనే తీరిక ఎవరికుంటుంది?

ఆమె హయాత్ బక్షీ బేగం. గోల్కొండను ఏలిన ఎనిమిది మంది కుతుబ్‌షాహీ సుల్తానులలో ఐదవవాడు, హైదరాబాద్ నగర నిర్మాత అయిన ముహమ్మద్ కులీ కుతుబ్‌షాకు కుమార్తె. ఆరవవాడైన సుల్తాన్ ముహమ్మద్‌కు భార్య. ఏడవవాడైన అబ్దుల్లాకు తల్లి. 1626లో భర్త మరణించి, పసితనం వీడని కొడుకు సింహాసనమెక్కినప్పుడు రాజ్య వ్యవహారాలలో ఆమె మాటే చెల్లుబాటైంది. 1656లో ఔరంగజేబు సైన్యం గోల్కొండను చుట్టుముట్టినప్పుడు సంధి మాట్లాడేందుకు శత్రువు శిబిరానికి వెళ్ళింది కూడా ఈ వృద్ధ మాతయే. సుల్తాను కుమార్తెను ఔరంగజేబు కుమారునికిచ్చి వివాహం చేయడం ఆ సంధిలో ఒక షరతు. మనుమరాలి పెళ్ళి మాటలు యుద్ధశిబిరంలో మాట్లాడవలసి వచ్చిన నాయనమ్మ మనసు ఎలా ఉండి ఉంటుందో చరిత్ర గ్రంథాలు రాయవు. ప్రజలు ఆమెను ‘మా సాహెబా’ అని పిలుచుకున్నారు. నేడు మాసాబ్ ట్యాంక్ అని మనం పలుకుతున్న ప్రాంతం ఒకనాటి మా సాహెబా తలాబే. చెరువు పోయింది, పేరులోని అమ్మ కూడా పలుకుబడిలో అరిగిపోయింది.

మా ఇల్లు మాసాబ్ ట్యాంక్‌కు దగ్గరలోనే. అంటే మేము హయత్‌నగర్ వెళ్ళడమంటే ఆ తల్లి ఒక పేరు నుంచి బయలుదేరి మరొక పేరు వద్ద దిగడమన్నమాట. ఈ సంగతి పిల్లలకు చెప్పినప్పుడు ఎనిమిదో తరగతి చదివే మా చిన్నవాడు, “మధ్యలో మెట్రోకు కూడా ఆమె పేరే పెట్టవలసింది” అన్నాడు.

మేము వెళ్ళింది సీతాఫలాల కాలంలో. పిల్లల దాదీ సూర్యాపేట దగ్గరి తమ ఊరికి తిరుగు ప్రయాణం కట్టారు. బస్సు మహాత్మాగాంధీ బస్‌స్టేషన్‌లోనే ఎక్కవచ్చు. అయినా ఈసారి హయత్‌నగర్ దాకా అందరమూ కలిసి వెళ్ళి, అక్కడి పాత మస్జిదు చూసి, అస్ర్ నమాజు చేసుకొని, అటునుంచి ఆమెను బస్సెక్కించాలని నిర్ణయించుకున్నాము. నిర్ణయం వెనుక ఉన్నది చరిత్రాభిమానం ఒక్కటే అని చెబితే అది పూర్తి నిజం కాదు. దాదీతో ఒక మాట మాట్లాడవలసి ఉంది. ఇంట్లో ఉన్న పది రోజుల్లో దానికి సందు దొరకలేదు. ఇంట్లో సంభాషణ సాగడం ఈ రోజుల్లో ఎంత కష్టమో పాఠకులకు వేరే చెప్పనక్కరలేదు. ఒకరు వంటగదిలో ఉంటే ఒకరు ఫోనులో ఉంటారు. ప్రయాణంలో మాత్రం మనుషులు పక్కపక్కనే కూర్చోక తప్పదు.

లక్డీకాపూల్‌లో మెట్రో ఎక్కి ఎల్.బి.నగర్‌లో దిగాము. ఈ మార్గం 2018లో పూర్తయింది. అంతకుముందు ఇదే ప్రయాణానికి సిటీ బస్సులో సగం పూట గడిచేది. దాదీకి మెట్రో అంటే ఇష్టమే గాని దానిలో ఎవరూ ఎవరితోనూ మాట్లాడరని ఫిర్యాదు. “పల్లెవెలుగు బస్సులో ఎక్కితే దిగేలోపు పక్కామె బిడ్డకు ఎన్నో నెలో తెలుస్తది. ఇండ్ల అందరు జనాజాకు పోతున్నట్టు కూర్చుంటరు” అన్నారామె. పెద్దమ్మాయి నవ్వాపుకోలేక ముఖం తిప్పుకుంది. ఎల్.బి.నగర్ నుంచి మళ్ళీ బస్సు. దాదీ ఆధార్ కార్డు తీసి చూపించి జీరో టికెట్టు అందుకున్నారు. 2023 డిసెంబరులో తెలంగాణలో మహిళలకు ఉచిత బస్సు ప్రయాణం వచ్చిన తరువాత ఆమె మా ఇంటికి రావడం పెరిగింది. ఏడాదికి రెండుసార్లు వచ్చేవారు ఇప్పుడు రెండు నెలలకోసారి వస్తున్నారు. అయితే వెళ్ళిపోవడం కూడా అంతే తేలికైంది. “చార్జీలు పెట్టుకొని వచ్చారు, ఇంకో నాలుగు రోజులుండండి” అని ఆపే అవకాశం మాకు లేకుండా పోయింది.

దారిలో వనస్థలిపురం వద్ద కంచె వెనుక హరిణ వనస్థలి కనిపిస్తుంది. కృష్ణజింకల కోసం 1975లో ఏర్పాటైన అభయారణ్యం అది. నగరం దాని చుట్టూ పెరిగిపోయి, ఇప్పుడు జింకలే బోనులోంచి మనుషులను చూస్తున్నట్టుంటుంది. చిన్నవాడు కిటికీకి ముక్కు ఆనించి చూశాడు. జింక కనబడలేదు, బస్సు ఆగలేదు.

హయత్‌నగర్‌లో రహదారి వదిలి పాత ఊరివైపు నడిస్తే హయాత్ బక్షీ మస్జిదు వస్తుంది. ఎత్తైన వేదిక మీద ఐదు కమానులు, రెండు కొసలా రెండు మినారులు. కుతుబ్‌షాహీ కట్టడాలను గోల్కొండలోనూ చార్మినార్ వద్దనూ చూసినవారికి ఆ సున్నపు పనితనం, మినారుల నడుముకు చుట్టిన చిన్న వసారాలు పరిచయమైనవే అనిపిస్తాయి. చుట్టూ విశాలమైన ఆవరణ, దాని అంచుల వెంబడి కమాను ద్వారాలతో వరుసగా గదులు. ఆ గదుల వరుసే సరాయి. ప్రయాణికులు రాత్రి తలదాచుకొనేందుకు కట్టిన మజిలీ. దగ్గరలోనే ఏనుగుల చేత నీరు తోడించేవారని చెప్పుకొనే పెద్ద దిగుడుబావి ఉంది. హాథీ బావి అంటారు. ఏనుగు కథ విన్నాక చిన్నవాడి లెక్కలు మొదలయ్యాయి: ఏనుగు రోజుకెన్ని నీళ్ళు తాగుతుంది, తాను తాగగా మిగిలినవే కదా తోడేది?

మస్జిదు కాలం గురించి మాలో చిన్న వాగ్వాదం జరిగింది. అబ్దుల్లా కుతుబ్‌షా కాలంలో, 1672లో, తల్లి పేరిట నిర్మించబడిందని రాస్తారు. హయాత్ బక్షీ బేగం మరణించింది 1667లో. గోల్కొండ సమాధుల తోటలో ఆమె సమాధి ఉంది. 1672 అబ్దుల్లా మరణించిన సంవత్సరం కూడా. ఊరివారి మాటల్లో మాత్రం మస్జిదును, సరాయిని బేగం తానే కట్టించింది. పెద్దమ్మాయి డిగ్రీలో చరిత్ర చదువుతోంది. తేదీలు పక్కపక్కన పెట్టి, కొడుకే తల్లి జ్ఞాపకంగా కట్టించి ఉంటాడని వాదించింది. దాదీ ఒప్పుకోలేదు.

“కొడుకులు కట్టిస్తరు అని కూసుంటే అయినట్టే. ఆమెనే కట్టించుకున్నది” అన్నారు.

మేము ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాము. అది మస్జిదు గురించి అన్న మాటో, సూర్యాపేట దగ్గరి ఇంటి పైకప్పు గురించి అన్న మాటో వెంటనే తేల్చుకోలేకపోయాము. ఆ ఇంటి రేకులు మార్పించమని రెండేళ్ళుగా ఆమె అడుగుతున్నారు. ఆ ఇల్లు వదిలి మా వద్దకు వచ్చేయమని రెండేళ్ళుగా మేము అడుగుతున్నాము. రేకులు మార్పిస్తే ఇక రారేమోనన్నది మా లోపలి లెక్క. ఆమెకు ఆ లెక్క తెలుసు.

సరాయి గదుల నీడలో కూర్చున్నప్పుడు పిల్లలకు ఒక ఫ్రెంచి వర్తకుని గురించి చెప్పాము. పదిహేడవ శతాబ్దంలో వజ్రాల కోసం గోల్కొండకు వచ్చిన టావెర్నియే మచిలీపట్నం దారిలోని మజిలీలను తన యాత్రాగ్రంథంలో వరుసగా రాసిపెట్టాడు. ఆ రోజుల్లో మచిలీపట్నం గోల్కొండ రాజ్యానికి సముద్రద్వారం. అద్దకపు వస్త్రాలు ఈ దారినే ఓడలకు చేరేవి, పర్షియా గుర్రాలు, వర్తకులు, విద్వాంసులు ఈ దారినే లోపలికి వచ్చేవారు. గోల్కొండ వదిలిన తరువాత మొదటి మజిలీగా అతడు ‘తెనారా’ అనే చోటును పేర్కొన్నాడు. అక్కడ తోటలతో కూడిన నాలుగు అందమైన భవనాలున్నాయని, అన్నిటిలోకి గొప్పదాన్ని రాణి కోసం ప్రత్యేకించారని, ముందున్న చతురస్రపు ఆవరణ చుట్టూ బీద బాటసారుల కోసం చిన్న గదులు కట్టారని వర్ణించాడు. దూరాన్ని, రాణి ప్రస్తావనను బట్టి ఆ తెనారా ఈ హయత్‌నగరేనని భావించేవారున్నారు.

ఆ వర్ణనలో మమ్మల్ని నిలిపివేసిన సంగతి భవనాలది కాదు. ప్రతి సాయంత్రం ఆ గదుల్లో దిగిన పేదలకు రొట్టెయో, అన్నమో, వండిన కూరలో పంచిపెట్టేవారట. పరుల చేతి వంట ముట్టని హిందూ ప్రయాణికులకైతే పిండి, కొద్దిగా నెయ్యి ఇచ్చేవారట, తమ రొట్టె తామే కాల్చుకొమ్మని. మూడున్నర శతాబ్దాల క్రితం ఒక ముస్లిం సుల్తాను రాజ్యంలో, ఒక సరాయి వద్ద వడ్డించే మనిషి ఎదుటివాని ఆచారాన్ని అడిగి తెలుసుకొని, దానికి తగినట్టు చేతిలో పెట్టాడు. తినమని బలవంతం లేదు, తినకపోతే పస్తుండు అన్న విసురూ లేదు.

దాదీ ఇది విని ఏమీ ఆశ్చర్యపోలేదు. “దాన్ని స్వయంపాకం అంటరు” అన్నారు. తన పెళ్ళిలో ఆమె తండ్రి ఊరి రెడ్లకు, కోమట్లకు వేరే పందిరి వేయించి, వేరే వంటమనిషిని పిలిపించి, బియ్యం, పప్పు, నెయ్యి, కూరగాయలు కొలిచి ఇచ్చారట. వారు వండుకొని తిన్నాకే ఇంటివారు బిర్యానీ దేగిషా మూత తీశారట. “మీ పెండ్లిలకు పిలిస్తే ఇప్పుడందరు హోటల్ల తిన్నట్టు తిని పోతుండ్రు. మంచిదే. కాని అప్పుడు అడిగి పెట్టెటోళ్ళం” అన్నారు. పెద్దమ్మాయి ఇదంతా ఫోనులో రాసుకుంటోంది. మొదట ఎవరికో సందేశం పంపుతోందనుకొని చిరాకుపడబోయి ఊరుకున్నాము.

టావెర్నియే మరో చిన్న వివరం కూడా రాశాడు. ఆవరణ ద్వారాల పైన స్త్రీల కోసం చిన్న గదులుండేవని. హయత్‌నగర్ బస్టాపులో చంటిబిడ్డతో ఎండలో నిలబడిన తల్లిని చూసినప్పుడల్లా ఆ గదులు గుర్తుకు వచ్చే అవకాశం ఇకపై మాకు ఉంది.

ఇక్కడి నుంచి అదే రహదారి మీద కాస్త ముందుకు వెళితే రామోజీ ఫిల్మ్ సిటీ. 1996లో మొదలైన ఆ చిత్రనగరం 1,666 ఎకరాలదని, ప్రపంచంలోకెల్లా పెద్దదని గిన్నిస్ పుస్తకంలోకి ఎక్కింది. ‘బాహుబలి’ సినిమా కోసం కట్టిన మాహిష్మతి నగరాన్ని అక్కడ ఇప్పటికీ సందర్శకులకు చూపుతున్నారు. సినిమాల ప్రస్తావన ఈ పత్రికలో దేనికని కొందరు పాఠకులు అనుకోవచ్చు. పిల్లలున్న ఇంట్లో ఆ ప్రస్తావన మనం తెచ్చినా తేకపోయినా వస్తుంది. చిన్నవాడు హయాత్ బక్షీ బేగం కథ విన్న వెంటనే, “అంటే శివగామిలాగా అన్నమాట” అన్నాడు. చంటి రాజకుమారుని ఎత్తుకొని రాజ్యాన్ని నడిపిన రాజమాత అనగానే వాడికి తోచిన పోలిక అది. వాడి తప్పేమీ లేదు. వాడికి పాఠం చెప్పింది వెండితెర.

“శివగామి కట్టుకథ, ఈమె నిజంగా బతికిన మనిషి” అని అక్క సరిదిద్దింది.

“మరి నిజం మనిషి ఇంటికి టికెట్టు లేదు, కట్టుకథ ఇంటికి అంత టికెట్టు ఎందుకు?” అన్నాడు వాడు.

దీనికి మా వద్ద మంచి జవాబు లేకపోయింది. అట్టలు, ప్లాస్టర్‌తో కట్టిన కోటను చూసేందుకు కుటుంబాలు దూర రాష్ట్రాల నుంచి వస్తాయి. వారి బస్సులు రాతితో, గచ్చుతో కట్టిన ఈ సరాయి పక్కనుంచే వెళతాయి. అయితే టికెట్టు లేకపోవడం ఒక విధంగా ఈ చోటుకు మేలే చేసిందని మాకనిపించింది. ఇక్కడ అజాన్ వినిపిస్తుంది, నమాజు జరుగుతుంది, వుజూ చేసిన పాదాల తడి రాతి మీద ఆరుతుంది. బతికున్న కట్టడం ఇది. దాదీ మాత్రం ఈ చర్చను వేరే దారి పట్టించారు. తన చిన్నతనంలో ఊళ్ళో గుడారపు సినిమా వచ్చినప్పుడు తండ్రి పంపలేదని, పొరుగింటి అక్క చూసివచ్చి మరునాడు దంచుడు రోటి దగ్గర కథంతా చెప్పిందని, ఆమె చెప్పిన దానంత బాగా తరువాత ఏ సినిమా అనిపించలేదని అన్నారు. “అక్క ఏడ్చే దగ్గర ఏడ్చేది, దంచే దగ్గర దంచేది.” ఆ అక్క ఇప్పటికీ దాదీ ఇంటి పక్కనే ఉంటారు. ఇద్దరికీ కలిపి ఒక నల్లా, ఒక వేపచెట్టు.

అస్ర్ వేళ అయింది. మగవారు జమాఅత్‌లో కలిశారు. దాదీ తన సంచిలోని జానమాజ్ తీసి ఆవరణలో ఒక మూల పరచుకొని రెండు రకాతులు చేసి సలాం చెప్పారు. పెద్దమ్మాయి నాలుగు రకాతులు పూర్తిచేసి లేచేసరికి దాదీ తస్బీహ్ కూడా ముగించేశారు. ప్రయాణంలో ఉన్నారు కాబట్టి ఖస్ర్ అనుకున్నాము. కాని అమ్మాయి ఒక ప్రశ్న వేసింది.

“దాదీ, మా ఇంట్లో కూడా మీరు పది రోజులుగా రెండు రకాతులే చేస్తున్నారు. నేను గమనించాను.”

“పదిహేను రోజులుంటనని నియ్యత్ చేసుకుంటే కద బేటీ నాలుగు చేసేది” అన్నారు దాదీ, జానమాజ్ మడుస్తూ.

ఫిఖ్హ్ తెలిసినవారికి ఇందులో వింత లేదు. స్వస్థలం విడిచి అంత దూరం వెళ్ళినవారు ఒక చోట పదిహేను రోజులకు తక్కువ ఉండే సంకల్పంతో ఉంటే హనఫీ విధానం ప్రకారం ముసాఫిర్‌లే. దాదీ లెక్క నూటికి నూరుపాళ్ళు సరైనది. అయినా ఆ ఆవరణలో, బాటసారుల కోసం కట్టిన ఆ గదుల ముందు, మాకు మాట పెగలలేదు. ఆమె కొడుకు ఇంట్లో, తాను పెంచిన మనుమల మధ్య, ఆమె ఇన్నేళ్ళుగా బాటసారిగానే నమాజు చేస్తున్నారు. రోజుకు మూడుసార్లు, జుహర్‌లో, అస్ర్‌లో, ఇషాలో, ఆ సంగతి మా ముందే జరుగుతోంది. మేము మాట్లాడదలచిన మాటకు ఆమె జవాబు మేము అడగకముందే వచ్చేసింది.

అడిగాము, అయినా. చాయ్ తాగుతూ అడిగాము. రహదారి పక్క హోటల్లో చిన్న గ్లాసుల్లో చిక్కటి చాయ్, నోట్లో వేస్తే కరిగే ఉస్మానియా బిస్కెట్లు. దాదీ బిస్కెట్టును చాయ్‌లో ముంచి, విరిగిపడకముందే తీసి తినడంలో నేర్పరి. చిన్నవాడిది ప్రతిసారీ గ్లాసు అడుగుకు పోతుంది, దాన్ని చెంచాతో తోడుకొని తినడమే వాడికి ఆనందం. ఈ సంతోషానికి ఐదుగురికి కలిపి ఒక సినిమా టికెట్టు ఖర్చు కూడా కాలేదు.

దాదీ జవాబు సూటిగానే ఉంది. మీ ఇంట్లో నాకు లోటు లేదన్నారు. కాని మూడో అంతస్తులో పొద్దున లేస్తే ఎవరికి సలాం చెప్పాలో తెలియదన్నారు. ఊళ్ళో అక్కకు మోకాళ్ళు పట్టేశాయని, నల్లా నీళ్ళు తాను పట్టి ఇవ్వకపోతే ఆమెకు ఎవరున్నారని అడిగారు. అక్క కొడుకులు బెంగుళూరులో ఉంటారు. “నన్ను మీరు తీసుకపోతరు. ఆమెను ఎవరు తీసుకపోతరు?” తల్లిదండ్రుల సేవ గురించి మేము మనసులో సిద్ధం చేసుకున్న మాటలన్నీ ఉన్నాయి. పొరుగువారి హక్కు గురించి ఆమె వద్ద ఉన్నవి కూడా అదే ధర్మంలోని మాటలే. రెంటినీ తూచే తక్కెడ మా చేతుల్లో లేదు.

అయితే ఒక మాట పెద్దమ్మాయి అంది. సెలవుల్లో తానే వచ్చి దాదీ వద్ద ఉంటుందట. “పదిహేను రోజుల నియ్యత్‌తో వస్తాను. నాలుగు రకాతులు చేస్తాను” అంది. దాదీ ఆమె తల నిమిరి, “రేకుల కింద వేడి ఉంటది బేటీ” అన్నారు. అలా అంటూ మా వైపు చూశారు.

రేకుల పని వచ్చే నెల మొదలుపెట్టిస్తామని అక్కడే మాట ఇచ్చాము.

బస్టాపు వద్ద ఆకులు పరచిన గంపల్లో సీతాఫలాలు అమ్ముతున్నారు. దాదీ బేరం చేసే తీరు చూడడం మా ఇంట్లో అందరికీ ఇష్టమైన వినోదం. కాయను ఎత్తి కన్ను విచ్చిందో లేదో చూస్తారు, వేలితో నొక్కరు, నొక్కితే అమ్మే ఆమె నష్టపోతుందని. పచ్చిదనం ఉన్నవి ఎంచి సగం మా సంచిలో, సగం తన సంచిలో వేశారు. తన సంచిలోవి అక్క కోసమట. ఊరికి సీతాఫలాలు మోసుకొని వెళ్ళడమేమిటి, అక్కడ దొరకవా అని చిన్నవాడు అడిగితే, “దొరుకుతయి. కాని పట్నంకెల్లి ఏం తెచ్చినవ్ అని అడుగుతది కద” అన్నారు.

సూర్యాపేట ఎక్స్‌ప్రెస్ వచ్చింది. కిటికీ పక్క సీటు దొరకలేదు. అయినా దాదీ ఎవరినో బతిమాలి నిమిషానికి కిటికీ వద్దకు వచ్చి చేయి ఊపారు. ఇంటికి చేరేలోపే, బస్సు చౌటుప్పల్ దాటుతోందని ఫోను చేశారు. పక్క సీటామెది కోదాడ దగ్గరట, కోడలికి ఏడో నెలట. సీతాఫలాలను బియ్యంలో పెట్టమని, రెండు రోజులకు ముందు ముట్టుకోవద్దని చిన్నవాడికి గట్టిగా చెప్పమన్నారు.